మంచినీళ్ళు ముట్టని అయ్యగారు

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవైనాలుగేళ్ళు నిండాయి, బైబిలు కాలేజీ పట్టా చేతికొచ్చింది, మా అమ్మ కుట్టించిన రెండు తెల్లచొక్కాలకు గంజిపెట్టి ఇస్త్రీ చేయించాను, పెళ్ళి కాలేదు. మనిషి చెడిపోవడానికి ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఇంకొకటి ఉండదని ఇప్పుడు తెలుస్తోంది గాని, అప్పుడు మాత్రం దేవుడు నా కోసమే ఉదయగిరి మెట్ట ప్రాంతాన్ని ఇన్నాళ్ళూ అట్టిపెట్టాడని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు ఆత్మకూరులో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఆ తెల్లచొక్కా కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు కోపం రాదు, నవ్వే వస్తుంది. ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా కలిసి ఉంటుంది. ఆ సిగ్గు సంగతే ఇది.

మాది సంగం. పెన్న కాలువ నీళ్ళు, వరి పొలాలు, మూడు పూటలా అన్నం. అలాంటివాణ్ణి తీసుకుపోయి వరికుంటపాడుకు అవతల ఒక చిన్న ఊరి కాలనీలో ఉన్న సంఘానికి కాపరిగా వేశారు. ఉదయగిరిలో బస్సు దిగి, ఆటో నిండేదాకా కాచుకుని (నిండడం అంటే డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరిద్దరు కూర్చుని, అతను ఒంటి పిర్రమీద నడపడం), చివరికి మట్టిరోడ్డులో దిగి నడిస్తే మందిరం వస్తుంది. నాలుగు రాతి గోడలు, పైన రేకులు, పక్కనే అయ్యగారి కోసం ఒక గది. అంతకుముందున్న అయ్యగారు వయసు మీదపడి కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. ఆయన పోయాక ఆరాధనకు వచ్చేవాళ్ళు పలచబడ్డారు. నన్ను పంపేటప్పుడు ఆత్మకూరు పెద్దయ్యగారు (మా ప్రాంతంలో చిన్న సంఘాలన్నింటికీ ఆయనే పెద్దదిక్కు) నా భుజం మీద చెయ్యి వేసి ఒక మాట చెప్పారు. "అబ్బాయ్, మూడు నెలలు చూస్తాను. సంఘం నిలబడితే సరే. లేదంటే దాన్ని తీసేసి ఉదయగిరి సంఘంలో కలిపేయాలని కమిటీవాళ్ళు అంటా ఉండారు. నాకైతే ఇష్టం లేదు. కానీ ఇష్టంతోనే పనులు కావు గదా."

సంఘం తీసేస్తే నాకు పోయేదేమీ లేదు, ఇంకొక ఊరికి వేస్తారు. పోయేది అవ్వకు. ఆ సంఘంలో అందరికంటే పెద్దామె అవ్వ. వయసులో ఉన్నప్పుడు ఆ మందిరం గోడలకు తలమీద రాళ్ళు మోసిందట. ప్రతి శనివారం వచ్చి లోపలంతా ఊడ్చి, నీళ్ళు చల్లి, చాపలు పరిచి పోయేది. మోకాళ్ళ నొప్పులతో ఆటో ఎక్కలేకపోయేది, ఉదయగిరి దాకా పోలేకపోయేది. నేను వెళ్ళిన మొదటి రోజే నా చెయ్యి పట్టుకుని, "ఈ తలుపు మూసేస్తే నాకు ఆదివారమే లేదయ్యగారూ" అంది. నేను పెద్దమనిషిలా తలాడించి, భయపడకవ్వా, నేనొచ్చాను కదా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాకంత ధైర్యం ఎక్కడిదంటే, అక్కడికి వెళ్ళే ముందే నెల్లూరులో సంఘాభివృద్ధి మీద మూడు రోజుల శిక్షణ పూర్తిచేశాను. నేర్పినాయనకు మేం ప్రొజెక్టరన్న అని పేరు పెట్టుకున్నాం. పాపం మంచి మనిషి, కానీ ప్రొజెక్టరు లేనిదే ప్రార్థన కూడా చేసేవాడు కాదు. గోడమీద బాణం గుర్తులు పైకి పోతుంటే మేమంతా నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఇళ్ళ దర్శనం గురించిన సూత్రం. ఇంటికి పది నిమిషాలు. వాక్యం మూడు నిమిషాలు, క్షేమ సమాచారం ఐదు, ప్రార్థన రెండు. టీ వద్దు, టిఫిన్ వద్దు. సేవకుడు ఎవరికీ భారం కాకూడదు. ఆయన చెప్పింది పట్నంలో, అపార్టుమెంట్లలో, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇళ్ళ గురించి. అక్కడికది సరైన మాటే. నేను దాన్ని నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు గీసుకుని, తెచ్చి రాగులు పండే నేలలో నాటాను.

పద్నాలుగు ఇళ్ళు. నోటుబుక్కులో ఇంటికొక పేజీ. చేతికి కొత్త వాచీ, చంకలో బైబిలు, భుజానికి సంచి, సంచిలో మా అమ్మ ఇచ్చిన స్టీలు నీళ్ళ బాటిలు. (ఆ బాటిలును గుర్తుపెట్టుకోండి, నేను చేసిన పాపాల్లో సగం దానిదే.) మొదట అవ్వ ఇంటికే వెళ్ళాను. అవ్వ మంచం మీద దుప్పటి దులిపి పరిచి, "రాండయ్యగారూ, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తా" అంది.

"వద్దవ్వా, ఇప్పుడే సేవించి వచ్చాను" అన్నాను. (బైబిలు కాలేజీలో నాలుగేళ్ళు ఉండేసరికి మా సంగం మాట పోయి ఇలాంటి భాష వచ్చింది.)

"అట్టయితే టీ పెడతా. పాలు ఉండాయి."

"నాకు టీ అలవాటు లేదవ్వా."

పచ్చి అబద్ధం. కాలేజీలో రోజుకు ఐదు టీలు తాగేవాణ్ణి. దేవుని పనిమీద తిరుగుతూ ముసలామె ముందు అబద్ధమాడుతున్నానన్న ఆలోచనైనా రాలేదు. పైగా మూడు నిమిషాల వాక్యం నాలుగు నిమిషాలైందని కంగారుగా చెప్పేసరికి గొంతెండిపోయింది. అవ్వ ఎదురుగానే సంచిలోంచి బాటిలు తీసి, మూత తిప్పి, నాలుగు గుక్కలు తాగి, మళ్ళీ బిగించి సంచిలో పెట్టుకున్నాను. అవ్వ ఆ బాటిలు వంక చూసింది. నేను వాచీ వంక చూశాను. ప్రార్థన చేసి బయటపడ్డాను. పది నిమిషాల్లో ముగిసినందుకు దారిపొడవునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత బేల్దారి మామ ఇల్లు. ఆయనే మా సంఘ పెద్ద. ఇళ్ళు కట్టడం ఆయన వృత్తి, ఉన్న మాట మొహంమీద అనడం ఆయన అలవాటు. నేను వస్తున్నానని అత్త అప్పటికే పొయ్యిమీద పెనం పెట్టి, నెల్లూరు కారం దోసె వేసింది. వాసనకు నా కడుపులో పేగులు లేచి నిలబడ్డాయి. అయినా సూత్రం సూత్రమే. వద్దన్నాను.

"ఒక్క దోసె తింటే ఏమవుద్దయ్యా?" అన్నాడు మామ.

"సేవకుడు ఎవరికీ భారం కాకూడదు మామా."

మామ పళ్ళెంలోని దోసెను కాసేపు చూసి, "ఇదేం బరువుండాది?" అన్నాడు. అత్త పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. పోతూ పోతూ ఆమె వేసిన అడుగుల చప్పుడు కొంచెం గట్టిగా వినిపించింది గాని, నేను అప్పటికే వాక్యం మొదలుపెట్టాను.

ఇలా పద్నాలుగు ఇళ్ళూ రెండు సాయంత్రాల్లో ముగించాను. ఒకచోట మజ్జిగ, ఒకచోట వేరుశనక్కాయలు, ఒకచోట నా కోసమే అంగడి నుంచి తెప్పించిన కూల్‌డ్రింకు, అన్నింటికీ చేతులు జోడించి వద్దన్నాను. దాహమైతే ఎవరినీ శ్రమపెట్టకుండా నా బాటిలే. ప్రతి వారం అదే తిరుగుడు. మందిరం గోడకు చార్టు అంటించి, కింద వారాలు, పక్కన జనం సంఖ్య వేసి, పై మూలన నూరు దగ్గర ఎర్రటి బాణం గీశాను. మొదటి ఆదివారం ముప్పై ఒక్కరు వచ్చారు. రెండో ఆదివారం ఇరవై ఆరు. ఆ తర్వాత ఇరవై. ఆ తర్వాత పద్నాలుగు. నేను చార్టు గీసినప్పుడు జనం తగ్గే అవకాశం ఉందని ఊహించక అడుగు అంకె పదిహేను దగ్గర పెట్టాను, అందుకని కింద ఇంకో కాగితం అతికించాల్సి వచ్చింది. ఆ అతికించేటప్పుడైనా మనిషికి బుద్ధి రావాలి. నాకు రాలేదు. వీళ్ళ భక్తి చల్లారిపోయిందని తేల్చుకుని నులివెచ్చని విశ్వాసుల మీద వరసగా మూడు వారాలు ప్రసంగించాను. వచ్చినవాళ్ళను, రానివాళ్ళ తరఫున తిట్టాను. అదీ చాలక శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టాను. దానికి ముగ్గురు హాజరయ్యారు, అందులో నేనొకణ్ణి.

పదో వారానికి తొమ్మిది మంది మిగిలారు. పదకొండో ఆదివారం మందిరం తలుపు తీసేసరికి లోపల ఊడ్చి లేదు. చాపలు చుట్టచుట్టి మూలనే ఉన్నాయి. అవ్వ రాలేదు. ఐదుగురి ముందు నిలబడి ఏం చెప్పానో నాకే గుర్తులేదు. పెద్దయ్యగారు వచ్చేది ఆ పై ఆదివారమే. వచ్చి చూస్తే చెప్పడానికి నా దగ్గర కిందికి వేలాడుతున్న చార్టు తప్ప ఏమీ లేదు. ఆ రోజు మొదటిసారి నాకు భయమేసింది.

సోమవారం పొద్దున్నే అవ్వ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. గింజ ఒక పక్క, పండు ఒక పక్క. నన్ను చూసి మంచం చూపించింది గాని దుప్పటి దులపలేదు.

"ఏమవ్వా, నిన్న రాలేదు? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉండాను."

"మరి?"

అవ్వ ఇంకో నాలుగు కాయలు కొట్టింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "అయ్యగారూ, మీరు ఏ కులమోళ్ళు?"

నేను తెల్లబోయాను. "అదేంటవ్వా? మీరూ మేమూ ఒకటే గదా. సంగంలో మాదీ కాలనీయే. మా నాయన కూలికి పోయే మనిషే."

"నేనూ అదే ఇన్నాను. అందుకే నాకు అర్థం కాలా." అప్పుడు తలెత్తింది. "మరి మా ఇంట్లో మంచినీళ్ళు ఎందుకు తాగవు?"

నేను భారం అంటూ ఏదో మొదలుపెట్టాను. అవ్వ సుత్తి పక్కన పెట్టింది. "నేను చిన్నపిల్లగా ఉన్నెప్పుడు ఊళ్ళో టీ అంగట్లో మాకు వేరే గలాసు. తాగినాక మేమే కడిగి గోడమీద బోర్లించి రావాల. ఎన్నేళ్ళకో ఆ గలాసు పోయింది. ఇప్పుడు మా అయ్యగారే మా ఇంటికొచ్చి, మా మంచం మీద కూర్చోని, సొంత నీళ్ళు తెచ్చుకోని తాగితే మేమేం అనుకోవాల నాయనా? చదువుకున్నోడు గదా, నువ్వే చెప్పు."

మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంటికి వచ్చిన బడి టీచరు ఒకాయన కుర్చీ అంచున కూర్చుని, నీళ్ళు వద్దంటే, ఆయన పోయాక మా అమ్మ ఆ గ్లాసు నీళ్ళను చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది. నాకు ఎనిమిదేళ్ళప్పటి మాట. అది చూసిన కొడుకునే నేను. పద్నాలుగు ఇళ్ళల్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళను అలాగే నిలబెట్టి వచ్చాను. ఏడుపు వచ్చినంత పనైంది. నిజం చెప్పాలంటే వచ్చింది కూడా.

"అందరూ ఇట్టే అనుకుంటుండారా అవ్వా?" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో, మా సంగం మాట నోట్లోకి తిరిగి వచ్చింది.

"అందరూ అనుకుంటుండారు. నేనొక్కదాన్నే అడిగినా."

"అవ్వా, కాసిని మంచినీళ్ళు ఇయ్యి."

"ఇప్పుడు దప్పికయిందా, సిగ్గయిందా?"

"రెండూ."

అవ్వ కుండలో ముంచి చెంబుతో ఇచ్చింది. గటగటా తాగేశాను. అవ్వ మొహం కొంచెం విచ్చుకుంది. "నాకొక్కదానికి తాగితే ఏం లాభం? ఇంకా పదమూడు ఇళ్ళుండాయి" అంది. నిదానంగా, రోజుకొక ఇంటికి పొమ్మని ఆమె ఉద్దేశం. కానీ నేను సంఘాభివృద్ధి శిక్షణ పొందినవాణ్ణి గదా, ఏ పనైనా ప్రణాళిక ప్రకారమే చెయ్యాలి. పెద్దయ్యగారు ఆదివారం వస్తున్నారు కాబట్టి, శనివారం ఒక్కరోజే పద్నాలుగు ఇళ్ళలోనూ తింటానని ప్రకటించాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నీ ఒళ్ళు నీ ఇష్టం" అని, సాయంత్రానికల్లా కాలనీ అంతా చాటింపు వేసేసింది.

శనివారం సగంమంది పనికి పోలేదు. తెల్లవారేసరికి పద్నాలుగు పొయ్యిల మీంచి పొగ లేస్తోంది. ఆ పొగ చూసైనా వెనక్కి తగ్గాల్సింది. బేల్దారి మామ ఇంట్లో మొదలుపెట్టాను. అత్త ముందు నిలబడి, "అత్తా, తప్పు చేసినాను, దోసె పెట్టు" అన్నాను. అత్త నాలుగు కారం దోసెలు పెట్టింది, నాలుగూ తిన్నాను. అయితే నేను రెండో ఇంటికి చేరకముందే ఆ నాలుగు అంకె అక్కడికి చేరిపోయింది. "వాళ్ళింట్లో నాలుగు తిన్నెవంట, మా ఇంట్లో రెండేనా?" అని ఆ ఇంటి ఇల్లాలు గరిటె పట్టుకుని అడిగింది. ఇక అక్కణ్ణుంచి ఏ ఇంట్లోనూ వెనకటి ఇంటికి తగ్గించే వీల్లేకపోయింది. ఇడ్లీలు, ఉగ్గాని, ఎండుచేపల పులుసు, ఉలవచారు, అలసంద వడలు, ఒక ఇంట్లో నా కోసం కోసిన కోడి (దాని కాలు వద్దంటే ఆ కోడి చావు వృథా అవుతుందని ఆ ఇంటాయన బాధపడ్డాడు). ప్రతి ఇంట్లోనూ టీ. అలవాటు లేదన్నవాడు పద్నాలుగు టీలు తాగుతుంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. మధ్యాహ్నం దాటాక నేను నడవడం మానేశాను, నన్ను నడిపించారు. పదకొండో ఇంట్లో కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను, అది ఆ ఇంటికోసం చేసిన ప్రార్థన కాదు. పొద్దువాలే వేళకు అవ్వ ఇంట్లో రాగి సంగటి ముద్ద, పచ్చిపులుసు. అవ్వ జాలిపడి సగం ముద్దే పెట్టింది. ఆ సగానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఆదివారం తొలికోడి కూతకు ముందే నా కడుపు లేచింది. ఆ తర్వాత జరిగినవన్నీ రాయదగినవి కావు. వాంతులూ విరేచనాలూ పోటీపడ్డాయని చెప్పి వదిలేస్తాను. తెల్లారి మందిరం తాళం కోసం వచ్చిన బేల్దారి మామ, గది ముందు నేలమీద కూర్చుని గోడకు ఆనుకుని ఉన్న నన్ను చూశాడు. "పోయినాడ్రా మా అయ్యగారు" అన్నాడు గట్టిగా. కాలనీకి అంతే చాలు. పది నిమిషాల్లో (అవును, సరిగ్గా పది నిమిషాల్లో) పద్నాలుగు ఇళ్ళూ నా గది ముందుకొచ్చేశాయి. నెలల తరబడి మందిరం గడప తొక్కనివాళ్ళు వచ్చారు. నా కోసం నులక మంచం తెచ్చి వాకిట్లో వేశారు. ఒకామె దానిమ్మ తొక్క కషాయం, ఒకామె మెంతుల పొడి, అంగడాయన సోడా, ఆరెంపీ డాక్టరు ఉప్పు చక్కెర కలిపిన పొట్లాలు. పక్కనే గొర్రెల దొడ్డి ఉన్న కుటుంబంలోని పెద్దమ్మ కడవతో మజ్జిగ తెచ్చింది. వాళ్ళు మా మతం కాదు, మా కాలనీ కాదు, ఎప్పుడూ ఇటు తొంగిచూసినవాళ్ళు కూడా కాదు. మంచం చుట్టూ అసలు గొడవ వేరే నడుస్తోంది. "మా ఎండుచేపలు నిన్న తెచ్చినవే, బాగుండాయి." "మా కోడి నలతగా ఉండిందని ఎవురన్నారు?" "అంతా ఆ ఉలవచారే." ఎవరింటి కూడు నన్ను పడగొట్టిందో తేలక పద్నాలుగు మంది ఆడవాళ్ళు వాదించుకుంటుంటే, నేను మజ్జిగ తాగుతూ, మీ ఎవరిదీ కాదమ్మా, నాదే తప్పు అని మధ్యమధ్య మూలుగుతున్నాను. వినేవాళ్ళు లేరు.

పది గంటలైనా ఆ వాదన తేలలేదు. అప్పుడే పెద్దయ్యగారు ఆటో దిగారు. (ఇది ఆయన తర్వాత నాకు చెప్పిన ముచ్చట.) నేరుగా మందిరానికి వెళ్తే తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే ఊడ్వని నేల, మూలన చాపలు, గోడమీద కిందికి సాగిపోయిన నా చార్టు. సంఘం అయిపోయిందని ఆయన అక్కడే మెట్టుమీద కూర్చున్నారట. కమిటీకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే పక్కనుంచి కేకలు వినపడ్డాయి, గోడ తిరిగి వచ్చి చూశారు. వాకిలి నిండా జనం. మధ్యలో మంచం మీద తెల్లచొక్కా లేకుండా, తలకు తడిగుడ్డ కట్టుకుని నేను.

నేను లేవబోయాను. ఆయన పడుకోమని సైగ చేసి, "ఏమైంది వీడికి?" అని అడిగారు. బేల్దారి మామ దాపరికం లేకుండా మొదటి నుంచీ చెప్పాడు. స్టీలు బాటిలు దగ్గర ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. పద్నాలుగు ఇళ్ళ దగ్గర ఆయన భుజాలు కదలడం మొదలై, రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అంతా అయ్యాక, "సరే, ఆదివారం ఆదివారమే గదా. మందిరానికి ఈయన రాలేడు, మందిరమే ఇక్కడికి రానీ" అన్నారు. చాపలు తెచ్చి వాకిట్లో పరిచారు. పాట ఎత్తుకున్నారు. మజ్జిగ పెద్దమ్మ ఖాళీ కడవ పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు కాబట్టి చివరిదాకా ఉంది. ప్రార్థన చెయ్యమని పెద్దయ్యగారు అవ్వను అడిగారు.

అవ్వ నా మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది. "ప్రభువా, ఈ బిడ్డ తినకుండా కొన్నాళ్ళు చెడినాడు, తిని ఒకరోజు చెడినాడు. రెండూ తెలివితక్కువతోనే గాని పొగరుతో కాదని ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి తెలవక మేం ఆదివారం మానుకున్నాం, అది మా తప్పు. వీడికి కడుపు బాగుచెయ్యి. మాకు మనసు బాగుచెయ్యి. ఈ తలుపు మాత్రం మూయనీకు." ఆమెన్ అనేటప్పుడు వాకిలంతా ఒక్క గొంతుతో అంది.

ఆరాధన అయ్యాక పెద్దయ్యగారు నా పక్కన మంచం మీద కూర్చున్నారు. నేను తల దించుకుని, "అయ్యా, సంఖ్య పెరగలేదు. తగ్గింది. ఈ రోజు వచ్చినవాళ్ళు కూడా నా జబ్బు చూడ్డానికి వచ్చినవాళ్ళే" అన్నాను. ఇన్ని నెలల్లో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

ఆయన నాకు జవాబు చెప్పకుండా అవ్వ వైపు తిరిగారు. "ఏమ్మా, ఈయనకు నయమైపోతే వచ్చే ఆదివారం ఈ జనమంతా వస్తారా? ఉన్న మాట చెప్పు, నేను కమిటీకి చెప్పుకోవాల."

అవ్వకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఇదేం మాటయ్యా? మా ఇండ్లల్లో తినె గదా ఈయన. మా ఇంటికొచ్చి తిన్న మనిషి పిలిస్తే పోకుండా ఎట్టుంటాం?"

పెద్దయ్యగారు లేచి, చేతికర్ర తీసుకుని, "అయితే నాకు కూడా ఆకలిగా ఉండాది. ముందు మీ ఇంటికే పోదాం పద. ఒక్క ఇల్లే సుమా" అన్నారు. సంఘం నిలబడిందని నాకు తెలిసింది అప్పుడే. ఉదయగిరిలో కలిపే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఇరవై తొమ్మిది మంది వచ్చారు. (అలవాటు చొప్పున లెక్కపెట్టాను, చార్టులో మాత్రం ఎక్కించలేదు. చార్టును అత్త అడిగి తీసుకుపోయి మసాలా డబ్బాల అర కింద పరుచుకుంది.) నూరు ఎప్పటికీ కాలేదు. ఐదేళ్ళలో యాభై దాటింది, అంతే. కానీ ఆ యాభై మందిలో ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా మిగతావాళ్ళకు ఆదివారం దాకా ఆగకుండా తెలిసిపోయేది. మజ్జిగ పెద్దమ్మ సంఘంలో చేరలేదు గాని, పండగలకు ఒక కడవ మజ్జిగ పంపేది. నేను ఇళ్ళకు వెళ్ళినప్పుడు కూర్చునేవాణ్ణి. చింతపండు కొడుతుంటే నేనూ నాలుగు కాయలు కొట్టేవాణ్ణి. వాక్యం ఎప్పుడు చెప్పేవాణ్ణో, కబుర్లు ఎప్పుడు చెప్పేవాణ్ణో నాకే తేడా తెలిసేది కాదు.

ఇప్పుడు నాకు షుగరొచ్చింది. ఇళ్ళకు వెళ్తే టీలో చక్కెర వెయ్యొద్దని నా భార్య ముందే ఫోన్లు చేసి చెప్పి పెడుతుంది. వాళ్ళు సరేనంటారు, వేస్తారు. నేను తాగుతాను. అలాంటప్పుడు గ్లాసు చేతిలో ఉండగా ఆ ఇరవైనాలుగేళ్ళ అయ్యగారు గుర్తొస్తాడు. బక్కగా, మెడదాకా గుండీలు పెట్టుకుని, ఆకలితో, అందరినీ బాగుచేద్దామని తహతహలాడుతూ. అతనిప్పుడు మా ఇంటికి వస్తే బాగుండుననిపిస్తుంది. కూర్చోబెట్టి అన్నం పెడతాను. అతను వద్దంటాడు, నాకు తెలుసు. అయినా పెడతాను.